ఫైబర్ కారుకు ఇనుప వైద్యం వద్దు

పాత రంగు గీకి కొత్త రంగు వేయడం విశాఖపట్నానికి కొత్త పని కాదు. 1933లో ఇక్కడ ఓడరేవు తెరుచుకుంది. 1941లో సింధియా షిప్‌యార్డుకు పునాది పడింది. 1948 మార్చిలో అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇంత ఇనుము ఉంటే తుప్పుతో పోరాటం తప్పదు. తుప్పు గీకడం, గ్రిట్ కొట్టడం, ప్రైమర్ పూయడం తరాలుగా ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టాయి. ఆ పనికి కచ్చితమైన సూత్రం ఒకటుంది: అడుగున ఏదీ మిగల్చకూడదు. చిన్న మచ్చంత తుప్పు ఉండిపోయినా కొత్త రంగు కింద అది పాకుతూ పోతుంది. అందుకే ఓడల పనిలో ‘ఎస్ఏ రెండున్నర’ అనే కొలత ఉంది. లోహం దాదాపు తెల్లగా తేలి, రంగు పట్టుకునేంత గరుకు వచ్చేదాకా కొట్టాలని దాని అర్థం. గాజువాక ఆటోనగర్ షెడ్లలో కార్లకు టింకరింగ్, పెయింటింగ్ చేసేవాళ్లు నేర్చుకున్నదీ ఈ ఇనుప విద్యే. రేకు కనబడేదాకా తీసెయ్, తర్వాతే పుట్టీ పెట్టు. అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. ఫైబర్ బాడీ ఉన్న పాత కారు మీద అదే పద్ధతి వాడితే రంగుతో పాటు కారూ పోతుంది. పని చేసినవాడి ఆరోగ్యమూ పోతుంది. ఈ రెండు నష్టాలకూ మూలం ఒకటే. బాడీని కాపాడే పద్ధతే మనిషినీ కాపాడుతుంది. ఆ మాటకు ఆధారాలేమిటో వివరంగా చూద్దాం.

ముందు ఫైబర్ కార్ల సంగతి. గాజు పోగులను ప్లాస్టిక్ రెజిన్‌లో ముంచి బాడీ చేసే పద్ధతిని 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్ జనంలోకి తెచ్చింది. మొదటి ఏడాది 300 కార్లు తయారయ్యాయి, అన్నీ తెల్లవే. 1957లో బ్రిటన్ నుంచి లోటస్ ఎలీట్ వచ్చింది. రేకును వంచడానికి కోట్ల రూపాయల ప్రెస్సులు కావాలి, ఫైబర్‌కు ఒక అచ్చు చాలు. అందుకే చిన్న కంపెనీలు దీన్ని పట్టుకున్నాయి. మన దేశంలోనూ అదే జరిగింది. బెంగళూరులో 1970ల్లో మూడు చక్రాల బాదల్, తర్వాత 1982లో సిపానీ డాల్ఫిన్ ఫైబర్ బాడీతోనే వచ్చాయి. బ్రిటన్‌లో రిలయంట్ కంపెనీ చేసిన కిటెన్ అనే చిన్న కారుకు డాల్ఫిన్ ఇక్కడి రూపం. ఆ తర్వాత వచ్చిన శాన్ స్టార్మ్ కూడా ఫైబర్‌దే. ఇలాంటి బండ్లు తక్కువగా తయారయ్యాయి, మిగిలినవి మరీ తక్కువ. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ లెక్కన మొదటి డాల్ఫిన్‌కు 2032లో ఆ అర్హత వస్తుంది. అప్పటిదాకా బాడీని అసలు రూపంలో నిలబెట్టుకోవడం యజమాని చేతిలో పని. మారుతి డోరు పాడైతే బజారులో ఇంకొకటి దొరుకుతుంది. డాల్ఫిన్ డోరు పాడైతే అచ్చు వేసి కొత్తగా చేయించుకోవలసిందే.

ఫైబర్ అంటే ఏమిటో విశాఖలో తెలిసినవాళ్లు లేకపోలేదు. వాళ్లు కార్ల షెడ్లలో కాకుండా సముద్రపు ఒడ్డున ఉన్నారు. పెదజాలారిపేట ఇసుకలో నిలిపిన పడవలను చూస్తే ఒకప్పటి కట్టె తెప్పల చోటును ఫైబర్ బోట్లు ఎంతగా ఆక్రమించాయో అర్థమవుతుంది. 1980ల్లో బంగాళాఖాత కార్యక్రమం పేరుతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయించిన ప్రయోగాల్లో అలల్లోంచి ఒడ్డుకు దిగే ఫైబర్ పడవల నమూనాలు తయారయ్యాయి. 2004 సునామీ తర్వాత తీరమంతా అవి మరింత పెరిగాయి. పడవ అడుగు ఇసుకకు రాసుకుని అరిగితే దాని మీద గాజు మ్యాట్ పరిచి, రెజిన్‌లో హార్డ్‌నర్ కలిపి బ్రష్షుతో అద్ది, గాలి బుడగలు పోయేలా నొక్కుతారు. కారు బాడీలోనూ ఉన్నది ఇదే సరుకు. గాజు పోగులు బలాన్నిస్తాయి, పాలియెస్టర్ రెజిన్ వాటిని పట్టి ఉంచుతుంది. చేత్తో అచ్చులో వేసిన బాడీలకు పైన జెల్‌కోట్ అనే నున్నటి పొర ఉంటుంది. దాని మందం అర మిల్లీమీటరుకు అటూఇటూ. ఫైబర్‌లోకి నీళ్లు దిగకుండా ఆపేది ఆ పొరే. ప్రెస్సులో నొక్కి చేసిన కార్వెట్ ప్యానెళ్లకు ఆ పొర కూడా ఉండదు, రంగు కింద నేరుగా రెజినూ గాజూ ఉంటాయి. మొత్తం బాడీ మందం చాలాచోట్ల మూడు మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇనుము మీద రంగు వేస్తే అడుగున ఉన్నది లోహం, పైన ఉన్నది రెజిన్. రెండింటి స్వభావాలు వేరు. రంగును కరిగించే మందు ఇనుమును ఏమీ చేయదు. రంగును మాడ్చే మంట ఇనుమును కాసేపు వేడెక్కించి వదిలేస్తుంది. రంగును ఎగరగొట్టే గ్రిట్ ఇనుముకు కావలసిన గరుకునే ఇస్తుంది. ఫైబర్ మీద రంగు వేస్తే పైనా రెజినే, కిందా రెజినే. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. పైవాడిని కొట్టిన దెబ్బ కిందివాడికీ తగులుతుంది. రంగు తీసే వేగం ఎంత పెరిగితే ఆ దెబ్బ అంత లోతుకు దిగుతుంది. షెడ్లలో మామూలుగా వాడే మూడు వేగవంతమైన పద్ధతులూ ఈ పరీక్షలో ఓడిపోతాయి.

మొదటిది పెయింట్ రిమూవర్. జిగురుగా పూసి పది నిమిషాలు వదిలేస్తే రంగు ముడతలు పడి లేచి వస్తుంది. చూడటానికి ఎంతో సుఖంగా అనిపించే పద్ధతి. పాత రకం రిమూవర్లలో పనిచేసేది మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకం. దాని అణువు చాలా చిన్నది, రంగు పొరలోకి దూరి దాన్ని ఉబ్బిస్తుంది. రంగు అయిపోగానే అది అక్కడ ఆగదు. కింద ఉన్న జెల్‌కోట్‌నూ పాలియెస్టర్‌నూ అలాగే ఉబ్బించి మెత్తబరుస్తుంది. సన్నని పగుళ్లుంటే వాటి వెంబడి గాజు పోగుల దాకా వెళ్లి కూర్చుంటుంది. పైన కడిగినా, తుడిచినా లోపలిది బయటికి రాదు. కొత్త రంగు వేసి కారును ఎండలో నిలిపితే లోపల చిక్కిన ద్రావకం ఆవిరై పైకి తోస్తుంది, రంగు మీద పొక్కులు లేస్తాయి. నెలల తర్వాత వచ్చే ఈ పొక్కులను చూసి రంగు నాసిరకం అనుకుంటారు, మళ్లీ రిమూవర్ తెస్తారు. కాస్టిక్ కలిసిన రిమూవర్లది ఇంకో రకం కీడు. పాలియెస్టర్‌లోని బంధాలను క్షారం నేరుగా విడగొడుతుంది, రెజిన్ ఉపరితలం పెళుసై పొడిలా రాలుతుంది.

ఆ అణువు రెజిన్‌లోకి ఎంత తేలిగ్గా దూరుతుందో మనిషిలోకీ అంతే తేలిగ్గా దూరుతుంది. మిథిలీన్ క్లోరైడ్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఎంత వేడి ఉంటుందో విశాఖవాళ్లకు చెప్పనక్కరలేదు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల దగ్గర చేరుతుంది, కారు పక్కన కూర్చుని గీకేవాడి ముఖం దగ్గరే ఉంటుంది. పీల్చినదాంట్లో కొంత ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. మామూలు రబ్బరు, నైట్రైల్ తొడుగుల్లోంచి ఇది నిమిషాల్లోనే లోపలికి వచ్చేస్తుంది. మాస్కుకు బిగించే కార్ట్రిడ్జిలు కూడా దీన్ని ఎక్కువసేపు ఆపలేవు. అమెరికాలో 2000 నుంచి 2011 వరకు స్నానపు తొట్ల పాత పూతను ఈ మందుతో తీస్తూ 13 మంది చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వ సంస్థలు నమోదు చేశాయి. తలుపులు మూసిన చిన్న గదిలో తొట్టి మీదికి వంగి చేసే పని అది. మూసిన షెడ్డులో కారు లోపలికి వంగి చేసే పనికీ దానికీ తేడా పెద్దగా లేదు. అమెరికా 2019లో ఈ రిమూవర్లను ఇళ్ల వాడకానికి అమ్మకుండా ఆపింది, 2024లో ఆ నిషేధాన్ని ఇంకా విస్తరించింది. యూరప్ అంతకుముందే ఆపేసింది. కొనే డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని గానీ, డైక్లోరోమీథేన్ అని గానీ ఉంటే రెండూ ఒకటే. దాన్ని ఫైబర్ దగ్గరికి తీసుకురావద్దు.

రెండోది వేడి. హీట్ గన్, బ్లో లాంపు ఏదైనా దాని ముందు గాలి వందల డిగ్రీల్లో ఉంటుంది. సాధారణ పాలియెస్టర్ రెజిన్ 60 నుంచి 100 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలవుతుంది. రంగు లేచేలోపే ప్యానెల్ ఒంపు తప్పుతుంది. ఇంకాస్త ఆగితే పొరలు విడిపోతాయి, లోపల గాలి బుడగలు ఉంటే ఉబ్బి పైకి తేలుతాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగులకు సీసపు క్రోమేట్ విరివిగా వాడేవారు. మన దేశంలో ఇళ్లకూ అలంకరణకూ వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చింది. 1980ల కారు మీదున్న రంగుకు ఆ రక్షణ లేదు. దాన్ని మాడ్చితే పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో వేరే చెప్పాలా?

మూడోది ఇసుక, గ్రిట్. ఓడ అడుగుకు సరిపోయే ఒత్తిడితో ఫైబర్ మీద కొడితే జెల్‌కోట్ గుంటలు పడుతుంది, అంచుల దగ్గర గాజు పోగులు బయటికి లేస్తాయి. ఆ గుంటలన్నీ పుట్టీతో పూడ్చాలి. మూడు మిల్లీమీటర్ల బాడీ మీద అంత పుట్టీ మోస్తే కారు ఊగినప్పుడల్లా అది పగులుతుంది. మనిషి సంగతి చూస్తే ఇసుక దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందన్న సంగతి కొత్తది కాదు. బ్రిటన్ 1949లోనే పోత వస్తువులను ఇసుకతో శుభ్రం చేయడాన్ని నిషేధించింది. సిలికోసిస్‌కు మందు లేదు. మూడు పద్ధతుల్లోనూ ఒకే సంగతి కనిపిస్తుంది. రెజిన్‌ను పాడుచేసే గుణమే మనిషినీ దెబ్బతీస్తోంది. ద్రావకం రెండింట్లోకీ దూరుతుంది, వేడి మెత్తబరచిన రంగే పొగవుతుంది, ఉపరితలాన్ని చీల్చే రేణువే పొడై ఊపిరిలో చేరుతుంది.

మరి రంగు ఎలా తీయాలి? దానికంటే ముందు తీయాలా అని అడగాలి. ఇనుప విద్య ఈ ప్రశ్న అడగనివ్వదు, ఎందుకంటే అక్కడ రంగు కింద తుప్పు దాగి ఉంటుంది. ఫైబర్‌కు తుప్పు పట్టదు. పాత రంగు గట్టిగా అంటుకుని ఉంటే, పగుళ్లు లేకపోతే, పొరల మీద పొరలు పేరుకుని మందం కాకపోతే దాన్ని తీయనే అక్కరలేదు. పైన మెరుపు పోయేలా రుద్ది, దాని మీదే ప్రైమర్ వేయవచ్చు. ఇది నాకు చాలా ముఖ్యమైన మాటగా కనిపిస్తుంది. తీయకుండా వదిలేసిన ప్రతి చదరపు అడుగూ ఖర్చు లేకుండా కాపాడుకున్నదే. తీయవలసిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. రంగు పెంకులుగా లేవడం, అద్దం పగిలినట్టు సన్నని పగుళ్లు రావడం, నాలుగైదు సార్లు వేసిన రంగు మందమై అంచులు మొద్దుబారడం వాటిలో కొన్ని. రంగు మందం కొలవడానికి షెడ్లలో అయస్కాంతంతో పనిచేసే మీటరు వాడతారు. కింద లోహం ఉంటేనే అది చెబుతుంది, ఫైబర్ మీద పెడితే ఏమీ చెప్పదు. అందుకని కనబడని ఒక మూల, డోరు లోపలి అంచు దగ్గరో బానెట్ కిందో, రూపాయి బిళ్లంత చోట గరుకు కాగితంతో మెల్లగా వాలుగా అరగదీయాలి. చెట్టు వయసు వలయాల్లో కనిపించినట్టు రంగు పొరలు ఒక్కొక్కటే బయటపడతాయి. పై రంగు, దాని కింద ఇంకో రంగు, బూడిద ప్రైమర్, ఎర్ర ప్రైమర్, ఆఖరున జెల్‌కోట్. ఈ వరుస కాగితం మీద రాసుకుంటే మిగతా కారంతా ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

తీసే పని మూడు అంచెల్లో సాగుతుంది. రంగు పెంకులుగా లేస్తున్న చోట కొత్త బ్లేడు చాలు. ఒకవైపు పదునున్న బ్లేడును పిడిలో బిగించి, బాడీకి దాదాపు ఆనేలా వాల్చి, ముందుకు తోయాలి. నిలువుగా పెడితే జెల్‌కోట్ గాటు పడుతుంది. సరైన వాలులో పెడితే రంగు సన్నని రిబ్బనులా చుట్టుకుంటూ లేస్తుంది, ప్రైమర్ మీద గీత పడదు. దుమ్ము దాదాపు రాదు కాబట్టి ఎక్కడ వీలైతే అక్కడ బ్లేడుతోనే ఎక్కువ పని ముగించుకోవడం మంచిది. బ్లేడుకు లొంగని చోట గుండ్రంగా ఊగుతూ తిరిగే సాండర్, దానికి 80 నంబరు కాగితం, వెనుక దుమ్ము లాగే వాక్యూమ్ గొట్టం. ఇనుము మీద వాడే గ్రైండరు, 36 నంబరు డిస్కు ఇక్కడ పనికిరావు, అవి ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిచినా గాజు బయటపడుతుంది. ప్రైమర్ కనబడగానే సాండర్ ఆపి 180 కాగితానికి మారాలి, ఆఖరి పొర చేత్తో, చెక్క దిమ్మకు చుట్టిన 220, 320 కాగితంతో తీయాలి. అంచులు, ఒంపు గీతలు, చక్రాల పైన వంపు పెదవులు, ప్యానెళ్లు కలిసే అతుకులు అన్నిటికంటే సున్నితం. అక్కడ రంగు పలచగా ఉంటుంది, కిందిదీ పలచనే. వాటి మీద ముందుగా మాస్కింగ్ టేపు అంటించి, చుట్టూ పని అయ్యాక టేపు తీసి చేత్తో ముగించాలి. తెల్లగా, బూడిదగా, నున్నగా ఉన్నది కాస్త తేనె రంగులోకి మారి అందులో పోగుల అల్లిక నీడలా కనిపిస్తే జెల్‌కోట్ దాటి వచ్చేశారని గుర్తు. అక్కడ చేయి తీసేయాలి. అసలు మంచి పనిలో ఆ అల్లిక ఎక్కడా కనబడకూడదు. ప్రైమర్ గట్టిగా ఉన్నచోట దాన్ని వదిలేయడంలో తప్పు లేదు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. రసాయనం వద్దని దుమ్ము తెచ్చిపెట్టడం మేలెలా అవుతుంది? ఫైబర్ దుమ్ము ఆస్బెస్టాస్‌లాంటిదని భయపడేవాళ్లూ ఉన్నారు. ఆ పోలిక సరికాదు. బాడీలో వాడే గాజు పోగు మందం పది మైక్రాన్ల దరిదాపు. ఆస్బెస్టాస్ పోగులు దానికంటే ఎంతో సన్నం, అందుకే ఊపిరితిత్తుల లోతుకు పోయి అక్కడే ఉండిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2002లో ఈ రకం గాజు పోగులను క్యాన్సర్ కారకమని చెప్పలేని వర్గంలో ఉంచింది. అవి చర్మానికి దురద, కంటికి మంట కలిగిస్తాయి. అసలు జాగ్రత్త పడవలసింది కంటికి కనబడనంత సన్నటి రెజిన్ పొడి, పాత రంగులోని సీసం, పుట్టీలోని టాల్కు గురించే. వాటిని ఆపే సాధనాలు మామూలు బజారులో దొరుకుతాయి. ముఖానికి గట్టిగా పట్టే ఎన్95 గానీ అంతకన్నా మేలైన మాస్కు గానీ, కళ్లద్దాలు, చేతులు పూర్తిగా కప్పే చొక్కా, పని అయ్యాక బట్టలు విడిగా ఉతకడం, తిండికి ముందు చేతులు కడగడం. ముక్కుకు కట్టుకునే జేబురుమాలు ఈ పొడిని ఆపదు. మిథిలీన్ క్లోరైడ్ ఆవిరిని ఆపడానికి బయటినుంచి గాలి గొట్టం తొడుక్కోవాలి, రంగు పొడిని ఆపడానికి మాస్కు చాలు. రెండు ప్రమాదాలున్నప్పుడు మన చేతిలో అదుపు ఉన్నదాన్ని ఎంచుకోవడమే తెలివి. దుమ్మును తుడవగలం, లాగేయగలం.

తడిపి రుద్దితే దుమ్ము ఉండదు కదా అని పాత పెయింటర్లు వాటర్ పేపరు చూపిస్తారు. జెల్‌కోట్ చెక్కుచెదరకుండా ఉన్నచోట అది మంచి పద్ధతే. పగుళ్లున్నచోట, గాజు బయటపడినచోట నీళ్లు పోగుల వెంట లోపలికి పీల్చుకుపోతాయి, రంగు వేశాక పొక్కులవుతాయి. వానాకాలంలో విశాఖ గాలిలోనే తడి ఎక్కువ. అందుకని రంగు తీసిన బాడీని పొడి వాతావరణంలో కొన్నాళ్లు ఆరనివ్వకుండా ప్రైమర్ వేయకూడదు. వేడిగాలి కొట్టి ఆరబెట్టే తొందరా వద్దు. ఇంకో సంగతి, తడిపి రుద్దిన బురద షెడ్డు ముందు కాలువలో పడి, అక్కడి నుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి చేరుతుంది. రంగు బురద ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. దగ్గర్లోని పరవాడలో అలాంటి వ్యర్థాలను తీసుకునే కేంద్రం ఉంది. ఒక్క కారు నుంచి వచ్చేది సంచెడు పొడే కావచ్చు. ఆటోనగర్‌లోని షెడ్లన్నీ కలిసి ఆ సంచులను ఒకచోట చేర్చి పంపే ఏర్పాటు చేసుకోవడం కష్టమేమీ కాదు.

ఇక ఖర్చు సంగతి. రిమూవర్‌తో రెండు రోజుల్లో అయ్యే పని చేత్తో రెండు వారాలు పడుతుంది, కూలి ఎవరిస్తారని అడుగుతారు. నిజమే, మొదటి బిల్లు ఎక్కువే అవుతుంది. అయితే ఫైబర్ విషయంలో లెక్క అక్కడితో ముగియదు. పొక్కులు లేచిన బాడీకి మళ్లీ రంగు తీయాలి, మెత్తబడిన చోట్ల మ్యాట్ వేయాలి, గుంటలు పూడ్చాలి. ఆ రెండో బిల్లు మొదటి దానికంటే పెద్దది. పైగా ఈసారి పోయేది అసలు బాడీ, దానికి వెల కట్టలేం. కారు బాగు చేయించే యజమాని సంవత్సరాల పని అని తెలిసే దిగుతాడు. అందులో రెండు వారాలు మిగిల్చుకోవడానికి బాడీని పణంగా పెట్టడంలో అర్థం లేదు.

ఫైబర్‌కు హాని చేయని రిమూవర్లు వచ్చాయి కదా అనేది ఇంకాస్త బలమైన వాదన. బెంజైల్ ఆల్కహాల్‌తో చేసినవి ఉన్నాయి, మిథిలీన్ క్లోరైడ్‌తో పోలిస్తే మనిషికి చాలా మేలు. జెల్‌కోట్ పూర్తిగా బాగున్న బాడీ మీద, ముందు చిన్నచోట పరీక్షించి, డబ్బా మీద రాసిన సమయం దాటకుండా, పై రంగు లేవగానే గీకి తుడిచేస్తే వాటితో పని జరుగుతుంది. దాన్ని నేను కాదనను. కాని నలభై ఏళ్ల బాడీ మీద జెల్‌కోట్ అంతటా బాగుందని ముందే తెలుసుకోవడం ఎలా? రంగు కింద ఉన్న పగుళ్లు రంగు తీశాకే కనబడతాయి. అందుకే ఆ మందును విశాలమైన, చదునైన, పగుళ్లు లేవని తేలిన భాగాలకే పరిమితం చేసి, ఆఖరి పొరను చేత్తోనే తీయమంటాను. తినే సోడా పొడితోనో, ప్లాస్టిక్ రేణువులతోనో తక్కువ ఒత్తిడిలో కొట్టే పద్ధతి కూడా విదేశాల్లో ఫైబర్ మీద నడుస్తోంది. చేయి తెలిసినవాడి చేతిలో అది పనికొస్తుంది. ఓడల ఇనుము మీద గ్రిట్ కొట్టిన చేతికి ఒత్తిడి తగ్గించి, దూరం నిలిచి కొట్టడం అలవాటు కావాలి, అదీ ఈ కారు మీద నేర్చుకోకూడదు.

రంగు తీశాక ఎక్కడో ఒకచోట మరమ్మతు తప్పదు. అక్కడ విశాఖవాసులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఉంది. మరమ్మతుకు వాడే పాలియెస్టర్ రెజిన్‌లో మూడో వంతు పైగా స్టైరీన్ ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి ఊళ్ల మీదికి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది ఈ స్టైరీనే. 2018లో అదే క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనిషికి క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న వర్గంలోకి మార్చింది. గ్లాసెడు రెజిన్ కలిపినప్పుడు వచ్చే ఆవిరికీ ఆ రాత్రి వచ్చినదానికీ పోలికే లేదు, భయపడి పని మానేయాల్సిన అవసరమూ లేదు. గాలి ఆడే చోట కలపాలి, ద్రావక ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు వేసుకోవాలి, హార్డ్‌నర్‌ను కొలిచి వేయాలి, ఎసిటోన్ డబ్బా పక్కన నిప్పు ఉండకూడదు. గట్టిపడ్డాక స్టైరీన్ రెజిన్‌లో కలిసిపోతుంది, ప్రమాదమంతా తడిగా ఉన్నంతసేపే. కారు షెడ్డువాళ్లకు ఈ పని తెలియకపోతే ఫైబర్ బోట్ల మరమ్మతు చేసేవాళ్లను పిలవడం మంచిది. మ్యాట్ ఎంత వాలుగా అరగదీసి అతకాలో, రెజిన్ ఎప్పుడు పట్టిందో వాళ్లకు చేతి స్పర్శతో తెలుస్తుంది. ఓడరేవు ఊరు కావడం వల్ల కలిగిన లాభం ఇది, దీన్ని కార్లవాళ్లు ఇంకా వాడుకోవాలి.

ఫైబర్ కారును షెడ్డుకు అప్పగించే యజమానికి నా విన్నపం ఇదీ. ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే రేకు పద్ధతి వద్దని మేస్త్రికి స్పష్టంగా చెప్పండి. రిమూవర్ డబ్బా కనబడితే దాని మీద ఏం రాసి ఉందో చదవండి. గ్రైండరు పక్కన పెట్టించండి. రెండు వారాలు అడిగితే మూడు వారాలు ఇవ్వండి. పని చేసే కుర్రాడికి మంచి మాస్కు, కళ్లద్దాలు మీరే కొనిపెట్టండి, ఆ ఖర్చును కారు బాగుచేయించే ఖర్చులో మొదటి పద్దుగా రాసుకోండి.